బోదెలు పూడిన కాలేయం

(వైద్య విద్యార్థులు, పట్టణ పౌరులు కలిసి విన్న ఒక సాయంకాలపు ప్రసంగానికి ఇది అక్షర రూపం. మాట్లాడినవారు పాథాలజీ విశ్రాంత ఆచార్యురాలు. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో వైద్య విద్యార్థులు కూర్చున్నారు, వెనక వాళ్ల అమ్మానాన్నల ఈడు వాళ్లు కూర్చున్నారు. నేను వెనక వరుసల వారిని చూసి మాట్లాడతాను, పిల్లలు ఏమీ అనుకోవద్దు. కాలేయంలోని చిన్న సిరలు పూడిపోయే ఈ జబ్బు మీకు పరీక్షలో వస్తే ఐదు మార్కుల ప్రశ్న. వెనక కూర్చున్నవాళ్లలో ఎవరి ఇంటికైనా వస్తే అది మార్కులతో పోయేది కాదు.

నేను రోగులకు కనిపించని డాక్టర్ని. మా ముఖం రోగికి తెలియదు, రోగి ముఖం మాకు తెలియదు. మాకు అందేది ఒక చిన్న సీసా. సీసాలో ముక్క చెడకుండా కాపాడే ఫార్మలిన్, ఫార్మలిన్‌లో సూదితో తీసిన కాలేయపు ముక్క ఒకటి. ఎంత ముక్క? సేమియా పుల్ల ఒకటి విరిగి పడితే ఎంత ఉంటుందో అంత. బాగా వస్తే రెండు సెంటీమీటర్ల పొడవు, మిల్లీమీటరో మరి కాస్తో మందం. కాలేయం బరువు సుమారు కిలోన్నర. సూదిలో వచ్చేది అందులో యాభై వేల వంతు. ఆ యాభై వేల వంతును చూసి మిగతా అంతటి మీదా తీర్పు చెప్పాలి.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలదా అని మీరు అడగవచ్చు. కాలేయమంతటా ఒకేలా పాకే జబ్బుల్లో చాలావరకు చాలుతుంది. నేను ఇవాళ చెప్పబోయే జబ్బులో ఆ సామెత పనికిరాదు. ఎందుకు పనికిరాదో ఒక అమ్మాయి కథతో చెబుతాను. పేరు చెప్పను, ఊరు చెప్పను.

పదిహేనేళ్ల కిందటి మాట. ఇరవై ఆరేళ్ల అమ్మాయి. ఒక రాత్రి వాంతిలో రక్తం పడింది, చిన్న చెంబుడు. హడావిడిగా ఆసుపత్రికి తెచ్చారు. ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక చివర సిరలు ఉబ్బి ఉన్నాయి. రబ్బరు బ్యాండ్లు వేసి రక్తం ఆపారు. పొట్ట మీద చెయ్యి వేస్తే ఎడమ వైపు నుంచి బల్ల బొడ్డు దాకా తగులుతోంది. బల్ల అంటే తెలుసు కదా? ముందు వరుసల్లో ఎవరూ తల ఊపడం లేదు. వెనక అందరూ ఊపుతున్నారు! పిల్లలూ, మీరు స్ప్లీన్ అని చదువుకునే ప్లీహం పెరిగితే మన ఊళ్లలో కడుపులో బల్ల పెరిగింది అంటారు. మీ పుస్తకాల్లో లేదు గానీ మీ నాయనమ్మల నోట ఉంది.

స్కాన్ తీశారు. కాలేయం పైభాగం ఎగుడుదిగుడుగా ఉంది, పోర్టల్ సిర లావుగా ఉంది, ప్లీహం చాలా పెద్దది. రిపోర్టు చివర ఒక్క మాట: సిరోసిస్, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం. ఆ ఒక్క మాట ఒక ఇంట్లో ఏం చేస్తుందో ల్యాబులో కూర్చున్న నాకు అప్పట్లో తెలియదు. 'మందు అలవాటు ఉందా?' అని అడిగారు. పెళ్లయి మూడేళ్లయిన ఆడపిల్లను, అత్తగారు పక్కన నిలబడి ఉండగా. ఆ పిల్ల సమాధానం చెప్పలేదట, గోడ వైపు తిరిగి పడుకుందట. తరవాత ఎప్పుడో వాళ్ల అన్నయ్య నాతో చెప్పాడు.

హెపటైటిస్ బి లేదు, సి లేదు. మద్యం లేదు, మధుమేహం లేదు, మనిషి సన్నగా ఉంది. కామెర్లను పట్టిచ్చే బిలిరుబిన్ మామూలుగా ఉంది, ఆల్బుమిన్ మామూలుగా ఉంది. ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆల్బుమిన్ రక్తంలోని ఒక ప్రొటీన్, దాన్ని తయారుచేసేది కాలేయం. రక్తం కక్కుకునేంతగా కాలేయం చెడిపోతే, అదే కాలేయం ఆల్బుమిన్ ఇంత చక్కగా ఎలా తయారుచేస్తోంది? వార్డులో ఒక యువ డాక్టరుకు ఈ సందేహం వచ్చింది. ఆయనే ముక్క తీసి పంపుదాం అన్నాడు. ఆ ముక్క మా ల్యాబుకే వచ్చింది. దాని సంగతి ఇప్పుడే చెప్పను. ముందు కాలేయంలో రక్తం ఎలా పారుతుందో చూద్దాం, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు.

ఈ హాల్లో సగం మంది గోదావరి డెల్టా వాళ్లు అనుకుంటాను. ధవళేశ్వరం దగ్గర నీరు ప్రధాన కాలువలో పడుతుంది. అక్కడి నుంచి బ్రాంచి కాలువలు, వాటి నుంచి పిల్ల కాలువలు, చివరికి చేలోకి బోదె. చేను తడిసి మిగిలిన నీరు మురుగు కాలువలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి. కాలేయానిదీ ఇదే ఏర్పాటు. పేగుల నుంచీ ప్లీహం నుంచీ వచ్చే రక్తాన్ని మోసేది పోర్టల్ సిర, అది ప్రధాన కాలువ. కాలేయానికి అందే రక్తంలో ముప్పాతిక వంతు దాని నుంచే వస్తుంది. మిగతా పావు వంతు ధమని తెస్తుంది, దాన్ని బోరు నీరు అనుకోండి. పోర్టల్ సిర చీలి చీలి సన్నబడి పోర్టల్ ట్రాక్ట్ అనే చిన్న గదిలోకి చేరుతుంది. ప్రతి గదిలో ముగ్గురు కాపురం ఉంటారు: ఒక చిన్న సిర, ఒక చిన్న ధమని, పైత్యాన్ని బయటికి పంపే ఒక గొట్టం. ఆ చిన్న సిరే బోదె. అక్కడి నుంచి రక్తం కాలేయ కణాల వరుసల మధ్య సందుల్లో పారి, అవతల మధ్య సిరలో కలుస్తుంది. మధ్య సిరలు కలిసి హెపాటిక్ సిరలవుతాయి. అవి మురుగు కాలువలు. వాటి సముద్రం గుండె.

ఇప్పుడు చెప్పండి, నీరు ఎక్కడెక్కడ ఆగవచ్చు? ప్రధాన కాలువకే అడ్డు పడవచ్చు. పోర్టల్ సిరలో గడ్డ కడితే స్కాన్‌లో తెలిసిపోతుంది. మురుగు కాలువ మూసుకుపోవచ్చు. అది బడ్-కియారీ జబ్బు, చాలావరకు అదీ స్కాన్‌లో తెలుస్తుంది. ఈ రెండింటికీ సాధారణంగా ముక్క తీయాల్సిన పని ఉండదు. చేనంతా గట్టిపడి, ఎక్కడికక్కడ గట్లు లేచి, నీరు పారడానికి దారి లేకుండా పోవచ్చు. అది సిరోసిస్. మరి బోదెలు పూడిపోతే? కాలువ నిండుగా ఉంది, మురుగు కాలువ బాగుంది, చేలో పెద్ద గట్లు లేవు. బోదెలు మాత్రం పూడిపోయాయి. ఆకాశం నుంచి ఫోటో తీస్తే ఇది కనిపిస్తుందా? కనిపించదు. స్కాన్ అంటే ఆకాశం నుంచి తీసిన ఫోటో. బోదె పూడిందో లేదో చేలోకి దిగి చూడాలి. బయాప్సీ, అదే ముక్క తీసి చూడటం, అంటే చేలోకి దిగడం.

బోదెలు పూడితే నీరు ఎగదన్నుతుంది. కాలువ ఉబ్బుతుంది. అందుకే పోర్టల్ సిర లావు, అందుకే బల్ల. ఎగదన్నిన నీరు ఊరుకోదు, బలహీనంగా ఉన్న చోట గండి కొడుతుంది. ఆ అమ్మాయి అన్నవాహికలో పడింది గండే. చేను మాత్రం బోరు నీటితో, మిగిలిన బోదెలతో పంట పండిస్తూనే ఉంటుంది. ఆల్బుమిన్ మామూలుగా ఉండటానికి కారణం అది.

ఇక ముక్క దగ్గరికి వద్దాం. ఫార్మలిన్‌లో నానిన ముక్కను మైనంలో పోసి దిమ్మ కడతాం. దాన్ని మిల్లీమీటరులో వెయ్యో వంతుకు మూడు నాలుగు రెట్ల మందంతో కోసి గాజు పలక మీద పరుస్తాం, రంగులు అద్దుతాం. రోజూ వేసేది గులాబీ, ఊదా కలిసిన అద్దకం. దానితో లోకంలో సగం జబ్బులు కనబడతాయి. సిరోసిస్‌లో గట్లు దానిలోనే కనిపిస్తాయి, మాసన్ అనే ఇంకో అద్దకం వేస్తే ఆ గట్లు నీలంగా మెరుస్తాయి, దాచినా దాగవు.

ఈ జబ్బులో గట్లు ఉండవని చెప్పాను కదా. మరి కాలేయం ఎగుడుదిగుడుగా ఎందుకుంది? మళ్లీ చేలోకే రండి. బోదె నీరందిన మడి ఏపుగా లేస్తుంది, అందని మడి గిడసబారుతుంది. కాలేయంలోనూ అంతే. రక్తం బాగా అందిన చోట కణాలు బలిసి ఉండల్లా ఉబ్బుతాయి, అందని చోట చిక్కి, పక్కవాటి ఒత్తిడికి నలిగి సన్నని వరుసలవుతాయి. ఉండకూ ఉండకూ నడుమ గట్టు లేదు, నలిగిన కణాలే ఉన్నాయి. దీన్ని నాడ్యులర్ రీజెనరేటివ్ హైపర్‌ప్లేసియా అంటారు. నోరు తిరగకపోతే ఫరవాలేదు, గట్లు లేని గడ్డలు అని గుర్తుపెట్టుకోండి. దూరం నుంచి గట్లున్న పొలమూ, ఎగుడుదిగుడు పైరున్న పొలమూ ఒకలాగే కనబడతాయి. స్కాన్ రాసిన ఆయన పొరపాటు అంతే, ఆయన్ని తప్పుపట్టను.

చిక్కేమిటంటే, రోజువారీ అద్దకంలో ఈ గడ్డలు దాదాపు కనిపించవు. కణాల వరుసలను పట్టి ఉంచే సన్నని నూలు చట్రం ఒకటి ఉంది, రెటిక్యులిన్. వెండి ఉప్పుతో అద్దితే అది నల్లగా తేలుతుంది. బలిసిన చోట నూలు ఎడంగా, నలిగిన చోట ఒత్తుగా కనిపిస్తుంది. అప్పుడు, అప్పుడు మాత్రమే, గడ్డలు కంటికి కడతాయి. ఆ అద్దకం అడగని పాథాలజిస్టుకు ఆ జబ్బు ఎప్పటికీ కనబడదు.

రెండోది అసలు బోదె. గదిలో ఉన్న ముగ్గురిలో సిర అందరికన్నా పెద్దది. ధమనీ, పైత్యనాళమూ ఇంచుమించు ఒకే లావు. ఈ జబ్బులో సిర గోడ మందమవుతుంది, రంధ్రం సన్నబడుతుంది, చివరికి సిర ఉన్న చోట పీచు మచ్చ మిగులుతుంది. కొన్ని గదుల్లో మిగిలిన సిర గోడ దాటి చేలోకి పొర్లినట్టు కనబడుతుంది. మూడోది, గట్టు వేయడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసినట్టుండే సన్నని పీచు దారాలు. సిరోసిస్ లేని సరైన ముక్కలో ఈ మూడింట్లో ఒక్కటి స్పష్టంగా కనబడ్డా జబ్బు పేరు రాయవచ్చు.

పిల్లలూ, ఇది మీకు. మనకు చదువంతా ఉన్నదాన్ని గుర్తుపట్టడంలో సాగుతుంది. క్యాన్సర్ కణం ఉంది, క్షయ గడ్డ ఉంది, కొవ్వు ఉంది. ఇక్కడ లేనిదాన్ని గుర్తుపట్టాలి. పెళ్లి ఫోటో చూపించి ఇందులో ఎవరు లేరో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? ఆ ఇంటి చుట్టాలందరూ తెలిసినవాళ్లే చెప్పగలరు. పైగా ఇంకో తిరకాసు ఉంది. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలోనూ అంచుల్లో ఉండే చిన్న చిన్న గదులన్నింటిలో ముగ్గురూ కనబడాలని లేదు. కోత పడిన చోటును బట్టి సిర తప్పిపోవచ్చు. అంటే రెండు గదుల్లో సిర లేకపోతే అది జబ్బు కావచ్చు, కాకపోనూ వచ్చు. మెతుకు సామెత ఇక్కడే తేలిపోతుంది. అందుకే లెక్క పెట్టుకున్నారు: ముక్క రెండు సెంటీమీటర్లు దాటాలి, కనీసం పది పోర్టల్ ట్రాక్టులు ఉండాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి ముక్క సంగతి. తొమ్మిది మిల్లీమీటర్లు. నాలుగు ట్రాక్టులు. రెండింటిలో సిర కనబడలేదు, చిన్నవి కదా అనుకున్నాను. వెండి అద్దకం వేయించలేదు. పంపిన కాగితం మీద 'సిరోసిస్? నిర్ధారించగలరు' అని ఒక్క ముక్క ఉంది. నేను రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. 'సిరోసిస్ లేదు. చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు.' మొదటి వాక్యం ఆ ముక్క మేరకు సరే. రెండో వాక్యం రాసే హక్కు నాకు లేదు. నాలుగు ట్రాక్టుల ముక్కకు రాయాల్సింది ఒక్కటే: ఈ ముక్క చాలదు. ఆ మాట రాయడానికి మాకు నామోషీ. పెద్ద డాక్టర్లు ఏమనుకుంటారో అని.

నా రిపోర్టు ఏం చేసింది? ముక్క మంచి చోటు నుంచి తగిలి ఉంటుంది, జబ్బు పక్కన ఉంటుంది అనుకున్నారు. సిరోసిస్ పేరు అలాగే ఉండిపోయింది, ఏడు నెలలు. ఏడు నెలల తరవాత ఆ యువ డాక్టరు స్లయిడు పట్టుకుని మా గదికి వచ్చాడు. కోపంగా ఏమీ రాలేదు. 'మేడమ్, చెప్పుకోదగ్గ లోపం లేని కాలేయం వెనక బల్ల బొడ్డు దాకా ఎలా వచ్చింది?' అని అడిగాడు. ఆ ప్రశ్న నేను ఆయన్ని అడగాల్సింది, సంతకం పెట్టక ముందు. బల్ల ఎంత ఉంది, రక్తం కక్కిందా, ఆల్బుమిన్ ఎంత, ఏ మందులు వాడింది. ఒక్క ఫోను.

మళ్లీ ముక్క తీయాలన్నారు. ఈసారి రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువ. పెరిగిన బల్ల వాటిని తనలో పట్టి ఉంచుకుంటుంది. పక్కటెముకల మధ్య నుంచి సూది దించితే పొట్టలోకి రక్తం కారే ప్రమాదం. అందుకని మెడ దారి పట్టారు. మెడలో కుడి వైపు పెద్ద సిరలోంచి సన్నని గొట్టం పంపి, గుండె కుడి గది దాటించి, హెపాటిక్ సిరలోకి చేర్చి, అక్కడి నుంచి కాలేయంలోకి సూది వేస్తారు. రక్తం కారినా తిరిగి సిరలోకే కారుతుంది. దీనిలో ఇంకో లాభం, అదే దారిలో ఒత్తిడి కూడా కొలవవచ్చు. ఆమెకు పాదరసం లెక్కలో ఆరు మిల్లీమీటర్లు వచ్చింది. సిరోసిస్‌లో సిర పగిలి రక్తం పడాలంటే మామూలుగా పన్నెండు దాటాలి. ఆరేమిటి? ఎందుకంటే మనం కొలుస్తున్నది మురుగు కాలువ వైపు నుంచి. పూడిక బోదెలో ఉంటే ఆ కొలతకు అందదు. కొలత తక్కువ, గండి పెద్దది. ఈ పొంతన లేకపోవడమే పెద్ద ఆధారం. ఈ రోజుల్లో కాలేయం గట్టిదనం కొలిచే యంత్రాలు వచ్చాయి. రక్తం కక్కిన మనిషి కాలేయం వాటిలో మెత్తగా తేలినా అదే అనుమానం రావాలి.

మెడ దారిలో వచ్చే ముక్కలు సన్నగా ఉంటాయి, విరుగుతాయి. మూడు సార్లు తీశారు. అన్నీ కలిపి ఇరవై ఆరు మిల్లీమీటర్లు, పదమూడు ట్రాక్టులు. ఎనిమిదింటిలో సిర మచ్చగా మారింది, లేదా గోడ మందమై దారప్పోగంత సందు మిగిలింది. వెండి అద్దకంలో గట్లు లేని గడ్డలు. పాత ముక్కకు కూడా అదే రోజు వెండి అద్దకం వేయించాను. అందులోనూ ఉన్నాయి, మసకగా.

అప్పట్లో దాని పేరు నాన్ సిర్రోటిక్ పోర్టల్ ఫైబ్రోసిస్, అంటే సిరోసిస్ లేకుండా పోర్టల్ గదుల్లో పీచు కట్టడం. ఈ పేరు పెట్టింది మన దేశంలోనే, భారత వైద్య పరిశోధన మండలి 1969లో జరిపిన సమావేశంలో. జపాన్ వాళ్లు ఇదే జబ్బును ఇడియోపతిక్ పోర్టల్ హైపర్‌టెన్షన్ అన్నారు, అంటే కారణం తెలియని పోర్టల్ ఒత్తిడి. అమెరికాలో హెపటోపోర్టల్ స్క్లిరోసిస్ అన్నారు. ఒకే చేనికి మూడు పట్టాలు. 2019లో ఐరోపా నిపుణులు ముందుండి వీటన్నింటినీ ఒక గొడుగు కిందికి తెచ్చి పోర్టో సైనుసాయిడల్ వాస్క్యులర్ డిసీజ్ అన్నారు. ఒత్తిడి ఇంకా పెరగకముందే, ముక్కలో బోదె పూడిక కనబడితే ఆ పేరు ఇవ్వవచ్చన్నారు. నాకు ఈ పేరు నచ్చింది, నిడివి మాత్రం నచ్చలేదు.

అదే 1969లో ఇంకొకటి జరిగింది. పోర్టల్ సిరల పూడికే ఈ జబ్బుకు మూలమని సూక్ష్మదర్శిని కింద చూపించిన వ్యాసం వచ్చింది. రాసినవారు ఇద్దరు, ఢిల్లీ ఎయిమ్స్ పాథాలజిస్టులు. ఒకరు ఎన్.సి. నాయక్. రెండోవారు వులిమిరి రామలింగస్వామి. ఎవరో తెలుసా? మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో వైద్యం చదివినవారు. ఎయిమ్స్‌కు డైరెక్టరయ్యారు, తరవాత భారత వైద్య పరిశోధన మండలికి నాయకత్వం వహించారు. ఆయన పేరు చెప్పగానే గాయిటర్ అనే గొంతు వాపు, అయొడిన్ ఉప్పు గుర్తు చేసుకుంటారు. ఈ సిర సంగతి మాత్రం ఎవరూ తలచుకోరు. ఆ ఇద్దరూ వాడిన ఆబ్లిటరేటివ్ పోర్టల్ వీనోపతీ, అంటే పోర్టల్ సిరలు పూడిపోయే జబ్బు, అన్న మాటను ప్రపంచమంతా పాథాలజిస్టులు ఇవాళ్టికీ రిపోర్టుల్లో రాస్తున్నారు. నేనూ ఆ అమ్మాయి రెండో రిపోర్టులో అదే రాశాను, మొదటిదాంట్లో రాయాల్సిన మాట.

మురుగు కాలువ వైపు జబ్బు గురించి కూడా కాస్త. 1970ల్లో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో ఊళ్లకు ఊళ్లు పొట్ట ఉబ్బి పడిపోయాయి. వాళ్లు తినే చిరుధాన్యంలో జనుము జాతి మొక్క గింజలు కలిశాయి. కంగారు పడకండి, మీరు పచ్చిరొట్టకు చల్లే జనుముకు అది దూరపు చుట్టం, దాన్ని మనం తినం కదా. ఆ గింజల్లోని విషం కాలేయంలో మధ్య సిరలను లోపలి నుంచి మూసేస్తుంది. అక్కడ పూడింది బోదె కాదు, మురుగు కాలువ మొదలు. ముక్కలో చూస్తే మధ్య సిర చుట్టూ రక్తం నిలిచి ముంపు చేనులా ఉంటుంది. ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే బలమైన మందులతోనూ ఇదే రావచ్చు. ముంపు మధ్య సిర దగ్గరా, ఎండు పోర్టల్ ట్రాక్ట్ దగ్గరా. ఎటు వైపు నుంచి మొదలైందో ముక్క చెబుతుంది.

బోదెలు ఎందుకు పూడతాయి? చాలామందిలో కారణం దొరకదు. కొందరిలో దొరుకుతుంది. రోగనిరోధక శక్తిని అణిచే అజాథియోప్రిన్ అనే మాత్ర, పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్, ఒకప్పుడు హెచ్ఐవీకి వాడిన డిడనోసిన్, ఆర్సెనిక్ కలిసిన తాగునీరు. పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు, రక్తం గడ్డకట్టే గుణం. అందుకే ముక్కతో పాటు వచ్చే కాగితం మీద రోగి మింగిన ప్రతి మందు పేరూ రాయమని బతిమాలుతుంటాను. రాయరు. 'ముక్క పంపాం కదా, చూసి చెప్పండి' అంటారు. మేం సోది చెప్పేవాళ్లం కాదు కదండీ.

వెనక నుంచి ఒక అమ్మగారు అడుగుతున్నారు, ముక్క తీస్తే జబ్బు పాకుతుందా అని. లేదమ్మా. ఈ జబ్బులో పాకడానికి ఏమీ లేదు. రక్తం కారే ప్రమాదం ఉంది, అది తక్కువ, సున్నా మాత్రం కాదు. అందుకే ముందు రక్తపరీక్షలు చేస్తారు, తరవాత కొన్ని గంటలు పడుకోబెడతారు. ఆ పిల్ల ఏమైందని కూడా అడిగారు. బాగానే ఉంది. ఏటా ఎండోస్కోపీ, అవసరమైతే బ్యాండ్లు, ఒత్తిడి తగ్గించే మాత్ర. కాలేయం పనిచేస్తూనే ఉంది. ఆసుపత్రి కాగితాల మీద సిరోసిస్ అన్న మాట కొట్టించడానికి వాళ్ల అన్నయ్య మూడు సార్లు తిరిగాడు. చివరికి రెండో రిపోర్టు మీద 'ఈ జబ్బుకు మద్యంతో సంబంధం లేదు' అని నేనే చేత్తో రాసి ఇచ్చాను. పాథాలజీ రిపోర్టులో అలాంటి వాక్యం రాయకూడదు. రాశాను. అత్తగారికి చదివి వినిపించాలని అడిగాడు.

ఇక దీపాలు ఆర్పండి, స్లయిడ్లు చూద్దాం. మొదటిది ఆ తొమ్మిది మిల్లీమీటర్లదే. పిల్లలూ, ఇందులో ఏముందో చెప్పవద్దు. ఏం లేదో వెతకండి, నాలుగు గదులూ చూశాకే నోరు విప్పండి.